డిఫెన్సివ్ లైన్ టెక్నిక్ మార్చుకోవడం ఎలా: అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ఆడేవాళ్లకు, నేర్పేవాళ్లకు

రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) తన లైన్‌లోని గార్డ్‌కీ టాకిల్‌కీ మధ్యలోంచి దూరి ఎనిమిది యార్డులు లాక్కుపోయాడనుకోండి, సైడ్‌లైన్ మీద నుంచి మొదట వినిపించే కేక "గట్టిగా ఆడు!" అనే. కాలేజీ దాకా వచ్చిన డిఫెన్సివ్ లైన్‌మన్‌కి, అంటే బంతిని ఆపే జట్టు ముందు వరస ఆటగాడికి, బలానికీ పట్టుదలకీ కొదవ ఉండదు. చాలాసార్లు నష్టం స్నాప్‌కి (బంతి కదిలి ఆట మొదలయ్యే క్షణానికి) ముందే జరిగిపోయి ఉంటుంది. నాలుగు అంగుళాలు లోపలికి నిలబడి ఉంటాడు, లేదా మొదటి అడుగు ఎత్తిన చోటే మళ్లీ పెట్టి ఉంటాడు. ఆ తర్వాత ఎంత గింజుకున్నా ఫలితం ఉండదు.

అందుకని టెక్నిక్ మార్చాల్సి వచ్చినప్పుడు ఒక వరస పాటించండి. ముందు నిలబడే చోటు సరిచేయండి. తర్వాత స్టాన్స్ (వంగి నిలబడే భంగిమ), మొదటి అడుగు. ఆ తర్వాత చేతులు. పాస్ రష్ మూవ్‌లు, అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే ఎత్తులు, అన్నిటికన్నా ఆఖరున. కుర్రాళ్లు చాలామంది దీన్ని తిరగేస్తారు. ఫోన్‌లో ఎవరిదో స్పిన్ మూవ్ చూసి దాంతో మొదలుపెడతారు, పాదాలు మాత్రం పాత పద్ధతిలోనే పడుతుంటాయి. పాదాలు మారకుండా పైన ఏం మార్చినా అది శనివారం మ్యాచ్‌లో నిలవదు.

ఇది ఎవరికి పనికొస్తుందో కూడా చెప్తాను. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ఏర్పాటు) మొదలైన దగ్గర్నుంచి ఆటగాళ్లు కాలేజీ మారడం మామూలైపోయింది. కొత్త చోట కొత్త కోఆర్డినేటర్ (డిఫెన్స్‌ని నడిపే కోచ్), కొత్త ఫ్రంట్ (ముందు వరస అమరిక). ఉన్న చోటే ఉన్నా కోచ్‌లు మారతారు. హైస్కూల్లో అందరికన్నా పొడుగని ఎండ్‌గా (లైన్ చివర) ఆడించిన కుర్రాడిని కాలేజీలో లోపలికి జరుపుతారు. డాలస్ శివార్లలోనో మరోచోటో శుక్రవారం రాత్రులు హైస్కూల్ స్టేడియంలో గడిపే తెలుగు తల్లిదండ్రులకు కూడా, తమవాడు ఎందుకు తంటాలు పడుతున్నాడో ఇది చదివితే కొంత అర్థమవుతుంది.

ముందు అంకెలు ఒంటబట్టాలి

అఫెన్స్ (బంతి ఉన్న జట్టు) లైన్ మధ్యలో సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డ్‌లు, వాళ్లకు బయట టాకిల్‌లు, టైట్ ఎండ్ ఉంటే టాకిల్ పక్కన. వాళ్లకు ఎదురుగా మీరు నిలబడే చోటుకి ఒక్కో అంకె ఉంటుంది. టెక్సాస్‌లో హైస్కూల్ కోచ్‌గా పనిచేసిన బమ్ ఫిలిప్స్ ఈ పద్ధతి కనిపెట్టాడనీ, టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో కోచ్ బేర్ బ్రయంట్ దాన్ని అందిపుచ్చుకున్నాడనీ చెప్తారు. సెంటర్‌కి ఎదురుగా ఉంటే జీరో, అతని భుజం మీద ఉంటే ఒకటి. గార్డ్‌కి ఎదురుగా రెండు, లోపలి భుజం మీద టూ-ఐ, బయటి భుజం మీద మూడు. అఫెన్సివ్ టాకిల్‌కి ఎదురుగా నాలుగు, లోపలి భుజం మీద ఫోర్-ఐ, బయటి భుజం మీద ఐదు. టైట్ ఎండ్ దగ్గర ఆరు, ఏడు, తొమ్మిది ఉంటాయి. ఏడంటే అతని లోపలి భుజం, తొమ్మిదంటే బయటి భుజం. లోపలంటే సెంటర్ వైపు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

గ్యాప్‌లకు అక్షరాలు. సెంటర్‌కీ గార్డ్‌కీ మధ్య ఏ, గార్డ్‌కీ టాకిల్‌కీ మధ్య బీ, టాకిల్ బయట సీ.

అంకెలు అన్నిచోట్లా దాదాపు ఒకటే. వాటిని ఆడే తీరు మాత్రం కోచ్‌ని బట్టి మారుతుంది. మూడులో నిలబడి స్నాప్ పడగానే బీ గ్యాప్‌లోంచి దూసుకెళ్లమనే కోచ్ ఉంటాడు, గార్డ్‌ని రెండు చేతులతో పట్టి బంతి ఎటు వెళ్తే అటు వదిలించుకోమనే కోచ్ ఉంటాడు. మొదటిది వన్-గ్యాప్, రెండోది టూ-గ్యాప్. మయామీ యూనివర్సిటీలో కోచ్ జిమ్మీ జాన్సన్ లైన్ మొదటి రకానికి పేరుపడింది. కొత్త టీమ్‌లో చేరిన మొదటి వారంలోనే మీ పొజిషన్ కోచ్‌ని ఇవి అడిగేయండి: నా గ్యాప్ ఒకటా రెండా? స్నాప్‌కి కన్ను బంతి మీద ఉంచాలా, ఎదుటివాడి మీదా? డబుల్ టీమ్ (ఇద్దరు కలిసి నా ఒక్కడి మీదికి) వస్తే పట్టి నిలబడాలా, చీల్చుకుని వెళ్లాలా? నా పక్కనుంచి పుల్ చేస్తూ (తన చోటు వదిలి పక్కకి పరిగెత్తుతూ) గార్డ్ వస్తే అతని లోపలి వైపు తగిలి బంతిని బయటికి తరమాలా, బయట నిలబడి లోపలికి మళ్లించాలా? ఆఖరిది ఎండ్‌లకు ప్రాణం లాంటి ప్రశ్న. దాని జవాబు తప్పుగా పెట్టుకుని ఆడితే మీ వెనకున్న లైన్‌బ్యాకర్ కూడా తప్పు గ్యాప్‌లో తేలతాడు.

తప్పు ఎక్కడుందో ఫిల్మ్‌లో వెతకండి

టీవీలో వచ్చే సైడ్ యాంగిల్ ఇందుకు పనికిరాదు. ఎండ్ జోన్ వెనక ఎత్తు నుంచి తీసిన ఫిల్మ్ కావాలి, మీ టీమ్ దగ్గర అది ఉంటుంది. గత రెండు మూడు మ్యాచ్‌ల్లో మీ వైపు వచ్చిన రన్ ప్లేలు తీసుకుని ఒక్కోదాన్ని మూడు చోట్ల ఆపండి.

మొదటిసారి స్నాప్‌కి అర సెకను ముందు. మీ హెల్మెట్ ఎదుటివాడి భుజానికి సరిగ్గా ఎక్కడుంది? బంతికి ఎంత వెనక ఉన్నారు? రెండోసారి మీ రెండో పాదం నేలకి తాకిన క్షణంలో. మీరు లైన్‌కి అవతల ఉన్నారా, ఇవతలే ఉన్నారా? మూడోసారి చేతులు తగిలిన క్షణంలో. ఎవరి చేతులు లోపల ఉన్నాయి, ఎవరి భుజాలు కింద ఉన్నాయి?

మూడు కాలమ్‌లు గీసి టిక్‌లు పెట్టుకుంటూ పోండి. ఏదో ఒక కాలమ్‌లో టిక్‌లు గుంపుగా పడతాయి. ఉదాహరణకి మూడో ఫ్రేమ్‌లో గార్డ్ మీ కన్నా కింద ఉన్నాడు. "చేతులు ఆలస్యం" అనిపిస్తుంది. రెండో ఫ్రేమ్‌కి వెళ్లి చూస్తే మీ మొదటి అడుగు ముందుకి బదులు పక్కకి పడింది. పక్కకి అడుగేసినవాడు నడుము లేపక తప్పదు, నడుము లేస్తే చేతులు పైనుంచే వస్తాయి. అంటే చేతుల డ్రిల్లు నెల రోజులు చేసినా రోగం తగ్గదు, సరిచేయాల్సింది పాదాన్ని. మొదట ఏ ఫ్రేమ్‌లో తేడా వచ్చిందో అక్కడే పని మొదలుపెట్టండి.

నిలబడే చోటు: అంగుళాల లెక్క

రెండు జట్ల మధ్య ఉండే న్యూట్రల్ జోన్ అంటే బంతి పొడవు, సుమారు 11 అంగుళాలు. అంత దగ్గరలో నిలబడి పక్కకి మూడు అంగుళాలు జరగడం కూడా పెద్ద మార్పే.

గార్డ్ మిమ్మల్ని పదేపదే బయటి నుంచి చుట్టేస్తున్నాడంటే, అంటే రీచ్ బ్లాక్‌తో అతని హెల్మెట్ మీ బయటి భుజం దాటిపోతోందంటే, అరచెయ్యి వెడల్పు బయటికి జరిగి చూడండి. అంతకుమించి జరిగితే గార్డ్‌కి మీరు భుజం మీద కాకుండా దూరంగా గ్యాప్‌లో కనిపిస్తారు. అప్పుడు అతను మిమ్మల్ని వదిలేసి నేరుగా లైన్‌బ్యాకర్ మీదికి పోతాడు, టాకిల్ ఒక్కడే పక్కనుంచి మిమ్మల్ని లోపలికి తోసేస్తాడు. గార్డ్‌ని నేరుగా ముందుకు వెళ్లనివ్వకుండా ఆపేంత దగ్గరగా ఉండటం మూడు టెక్నిక్ పనిలో సగం.

అఫెన్స్ తమ మధ్య ఎడం పెంచినప్పుడు కూడా ఇదే చిక్కు. గార్డ్‌కీ టాకిల్‌కీ మధ్య ఖాళీ పెరిగింది కదాని మధ్యకి జరిగిపోకండి. మీ గుర్తు గార్డ్ భుజం, ఖాళీ కాదు.

ముందువెనకల సంగతి. దూసుకెళ్లే పద్ధతైతే బంతి కొస దాకా ముందుకి రండి. చూసి ఆడే పద్ధతైతే అడుగు వెనక్కి ఉంటే ఎదుటివాడి మొదటి కదలిక చదవడానికి క్షణం దొరుకుతుంది. మీరు బంతికి అంటుకుని నిలబడుతూ ఆఫ్‌సైడ్ తెచ్చుకుంటున్నారంటే ఉత్తపుణ్యానికి ఐదు యార్డులు సమర్పించుకుంటున్నట్టే. రెండు అంగుళాలు వెనక్కి జరగండి. అంత మాత్రాన వేగం తగ్గదు.

కాలేజీ మైదానంలో హ్యాష్ మార్కుల (ప్లే మొదట్లో బంతి పెట్టే హద్దు గీతల) మధ్య 40 అడుగులు ఉంటుంది, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అందులో సగం కూడా ఉండదు. బంతి హ్యాష్ మీద ఉంటే ఒక పక్క 60 అడుగులు, మరో పక్క 100 అడుగులు. వెడల్పు వైపు ఆడే ఎండ్‌కీ ఇరుకు వైపు ఆడే ఎండ్‌కీ అందుకే పని వేరు. ఇరుకు వైపు సైడ్‌లైనే మీకు ఒక సాయం, అక్కడ లోపలికి గట్టిగా బిగించవచ్చు. వెడల్పు వైపు ఒక అడుగు తప్పితే వెనకవాళ్లు చాలా దూరం పరిగెత్తాలి. కాలేజీ మారినవాళ్లు కొత్త టీమ్ తమను కుడి-ఎడమల లెక్కన ఆడిస్తుందా, ఫీల్డ్-బౌండరీ (వెడల్పు వైపు-ఇరుకు వైపు) లెక్కనా అన్నది ముందే కనుక్కోవాలి. రెండో పద్ధతిలో ఒకే మ్యాచ్‌లో రెండు చేతుల మీదా స్టాన్స్ వెయ్యాల్సి వస్తుంది.

ఐదు నుంచి ఫోర్-ఐకి మారేటప్పుడు

ఈ దశాబ్దంలో కాలేజీ లైన్‌మన్‌లకు ఎక్కువగా ఎదురవుతున్న మార్పు ఇది, కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

ఆటగాళ్లను మైదానమంతా పరిచి ఆడే స్ప్రెడ్ అఫెన్స్‌లు ఇన్‌సైడ్ జోన్‌నీ (లోపలి గ్యాప్‌ల మీదికి పరుగు), దానికి అంటుకున్న ఆర్‌పీఓనీ (పరుగా పాసా అన్నది క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు తేల్చే ప్లే) పట్టుకుని బీ గ్యాప్‌లను పిండేస్తుంటే, జవాబుగా ముగ్గురితో ఆడే టైట్ ఫ్రంట్ పుంజుకుంది. నోస్ (లైన్ మధ్యలో ఆడేవాడు) జీరోలో, ఇద్దరు ఎండ్‌లూ రెండు వైపులా ఫోర్-ఐలో. మాట్ క్యాంప్‌బెల్ హెడ్ కోచ్‌గా, జాన్ హీకాక్ కోఆర్డినేటర్‌గా ఉన్న అయోవా స్టేట్ ముగ్గురు లైన్‌మన్‌లు, వెనక దూరంగా కాపు కాసే ముగ్గురు సేఫ్టీలతో 2017లో దీనికి పేరు తెచ్చింది. ఆ ఏడాది మూడో ర్యాంకులో ఉన్న ఓక్లహోమాని, బేకర్ మేఫీల్డ్ క్వార్టర్‌బ్యాక్‌గా ఉండగానే, వాళ్ల సొంత ఊరు నార్మన్‌లోనే 38–31తో ఓడించింది. ఆ తర్వాత ఈ ఫ్రంట్ దేశమంతా పాకింది.

ఐదు టెక్నిక్‌గా మీరు ఇన్నాళ్లూ చేసింది టాకిల్ బయటి భుజం మీద నిలబడి సీ గ్యాప్ కాయడం. బయటి చెయ్యి ఖాళీగా ఉంచుకోవడం మీ ఒంట్లో జీర్ణించుకుపోయింది. ఫోర్-ఐలో మీ గ్యాప్ బీ. టాకిల్ ఇప్పటికే మీకు బయట ఉన్నాడు. అవుట్‌సైడ్ జోన్ (బయటి అంచు మీదికి పరుగు) మీ వైపు వస్తే అతను మిమ్మల్ని చుట్టేయడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు, చుట్టేస్తాడు కూడా. అక్కడే పాత అలవాటు బయటికొస్తుంది. మీరు అతన్ని దాటి బయటికి పడాలని పెనుగులాడతారు. మీరు బయటికి లాగిన కొద్దీ బీ గ్యాప్ తలుపు తీసినట్టవుతుంది, రన్నింగ్ బ్యాక్ లోపలికి కోసుకుని వచ్చేస్తాడు. ఈ ఫ్రంట్ ఉద్దేశమే బంతిని బయటికి వెళ్లనిచ్చి అక్కడ కాచుకున్న లైన్‌బ్యాకర్లకూ సేఫ్టీలకూ అప్పగించడం. బంతి బయటికి పోతుంటే మనసు ఆగదు, తెలుసు. అయినా ముందు బీ గ్యాప్ మూసి, భుజాలు లైన్‌కి సమాంతరంగా ఉంచి, అప్పుడు వెంబడించండి.

దీనికి సాధన ఇలా. ఒకరు టాకిల్‌గా, ఒకరు గార్డ్‌గా నిలబడాలి. వెనక కోచ్ వేలితో వాళ్లకు మాత్రమే సైగ చేస్తాడు: టాకిల్ ఎదురుగా కొట్టడం, ఇద్దరూ కలిసి కొట్టడం, టాకిల్ చుట్టేయడం, గార్డ్ పుల్ చేయడం. మొదటి రోజు నడక వేగంలో, రెండో రోజు సగం వేగంలో చేయండి. ప్రతిసారీ విజిల్ మోగాక ఎక్కడివాళ్లక్కడ ఆగి కిందికి చూడండి. మీ లోపలి పాదం బీ గ్యాప్‌లో ఉందా? ఉంటే ఆ రెప్ (ఆ ఒక్క ప్రయత్నం) మంచిదే, ఎదుటివాడు మిమ్మల్ని ఎంత తోసినా సరే. లోపలి పాదం గ్యాప్‌లో నిలబడటమే మొదటి రెండు వారాలకు మీ ఏకైక కొలత.

కళ్లు కూడా మారాలి. ఐదులో ఉన్నప్పుడు టాకిల్‌ని చూస్తూ ఓరకంట టైట్ ఎండ్‌ని కనిపెట్టేవారు. ఇప్పుడు టాకిల్‌ని చూస్తూ ఓరకంట గార్డ్‌ని చూడాలి, డబుల్ టీమ్ అటునుంచే వస్తుంది.

స్టాన్స్, మొదటి అడుగు

మూడు పాయింట్ల స్టాన్స్‌లో బ్లాకర్‌కి దగ్గరగా ఉన్న చెయ్యి నేల మీద, అదే వైపు కాలు కొద్దిగా వెనక, ఇది ఎక్కువమంది నేర్పే పద్ధతి. వెనక ఉన్న ఆ కాలే మొదట కదులుతుంది. మీ కోచ్ వేరేలా చెప్తే అదే చేయండి, కానీ ఏ కాలు మొదట కదలాలో మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి. వెనక పాదం బొటనవేలు ముందు పాదం మధ్యకి వచ్చేంత ఎడం చాలు. అంతకన్నా సాగదీస్తే మొదటి అడుగు పొడవైపోయి, అది గాల్లో ఉండగానే గార్డ్ మీ ఛాతీ మీద ఉంటాడు.

చేతి మీద ఎంత బరువు? దూసుకెళ్లే పద్ధతిలో ఆ చెయ్యి లాగేస్తే మీరు ముందుకి పడిపోవాలి. టూ-గ్యాప్‌లో చెయ్యి తీసినా నిలబడగలగాలి. పద్ధతి మారినా చాలామంది పాత బరువుతోనే కూర్చుంటారు. ముందు పరీక్షించాల్సింది ఇదే, దీనికి అర నిమిషం చాలు.

అడుగు విషయంలో ఒకటే డ్రిల్లు చెప్తాను, మిగతావన్నీ దీనికి తమ్ముళ్లే. కదిలే పాదం బొటనవేలికి ఆరు అంగుళాల ముందు నేల మీద తెల్ల టేపు అతికించండి. కర్ర చివర బంతి కట్టి ఒకరు పట్టుకోవాలి. బంతి కదలగానే ఒక్క అడుగు మాత్రమే వేసి బిగుసుకుపోండి. పాదం టేపు దాటిందా? మోకాలు పాదం మీదికి వచ్చిందా? నడుము లేచిందా? పక్కనుంచి ఫోన్‌లో స్లో మోషన్ తీస్తే పాదం పైకి లేచి మళ్లీ అదే చోట దిగడం కనిపించవచ్చు. ఆ ఉత్తుత్తి అడుగు చేసేవాడికి అస్సలు తెలీదు. సరిపోయాక రెండో అడుగు కలపండి. రెండో పాదం దిగేసరికి చేతులు తగిలి ఉండాలి.

అరుపుకి కదలకండి. షాట్‌గన్‌లో, అంటే సెంటర్‌కి దూరంగా వెనక నిలబడ్డప్పుడు, క్వార్టర్‌బ్యాక్ చప్పట్లు కొట్టి స్నాప్ అడగడం కాలేజీలో మామూలు. మిమ్మల్ని ఆఫ్‌సైడ్‌లోకి లాగడానికే ఒక చప్పట్టు ఎక్కువ కొడతాడు. కబడ్డీలో కార్నర్ ఆటగాడు రైడర్ కూత ఎలా ఉన్నా చూపు అతని పాదం మీదే పెట్టినట్టు, మీ ఓరచూపు బంతి మీదే ఉండాలి. ప్రాక్టీసులో కర్ర పట్టుకున్నవాడు నోటితో తప్పుడు కూతలు కూస్తూ చేతితో వేరే సమయంలో కదిలిస్తే త్వరగా అలవాటవుతుంది.

చేతులు

మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా, బొటనవేళ్లు పైకి, అరచేతి మడమతో దెబ్బ. బొటనవేళ్లు పక్కకి తిరిగాయంటే మోచేతులు రెక్కల్లా తెరుచుకుంటాయి, బలం సగానికి పడిపోతుంది, ఎదుటివాడి చేతులు లోపలికి వచ్చేస్తాయి.

వన్-గ్యాప్‌లో దగ్గరి చెయ్యి అతని ఛాతీ మధ్యన, దూరపు చెయ్యి భుజం అంచున పడాలి. టూ-గ్యాప్‌లో రెండూ ఛాతీ మీదే, మీ హెల్మెట్ అతనికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఒక పద్ధతి నుంచి రెండోదానికి మారినవాడికి దూరపు చెయ్యే తిప్పలు పెడుతుంది. మోకాళ్ల మీద కూర్చుని, చేతులు తొడల మీద పెట్టుకుని, కోచ్ పట్టుకున్న బ్యాగ్‌ని కొట్టే పాత డ్రిల్లు ఇందుకు ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. కాళ్లు పక్కన పెట్టేశాం కాబట్టి చేతులు ఎక్కడ పడుతున్నాయో స్పష్టంగా తెలుస్తుంది. బ్యాగ్ మీద సుద్దతో రెండు గుర్తులు పెట్టండి. చేతులు గుర్తు మీద పడుతున్నంతసేపే చేయండి, అలసిపోయి గురి తప్పగానే ఆపేయండి. అలసటలో చేసిన రెప్‌లు తప్పునే బలపరుస్తాయి.

తగిలాక మోచేతులు చాచి ఎదుటివాడిని దూరం పెట్టండి, బంతి చూడండి, అప్పుడు వదిలించుకోండి. చూడకముందే వదిలించుకుంటే తప్పు వైపు పడతారు. కళ్లూ గడ్డమూ ఎప్పుడూ పైకే. తలతో కొట్టే ఆట ఆడొద్దు. టార్గెటింగ్‌కి (హెల్మెట్ ముందు పెట్టి లేదా తల మీదికి కొట్టే తప్పుకి) 2013 నుంచి మైదానం బయటికి పంపేస్తున్నారు, దానికన్నా ముందు చూసుకోవాల్సింది మీ మెడ సంగతి. తల వంచి ఢీకొట్టే కుర్రాడిని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. ఏ టెక్నిక్ మార్పూ దానికన్నా ముందు కాదు.

డబుల్ టీమ్ వచ్చినప్పుడు

మూడులో ఉన్నారు. గార్డ్ ఎదురుగా వచ్చాడు, పక్కనుంచి టాకిల్ తుంటి తగిలింది. ముందు గార్డ్ మీద మీ దెబ్బ పూర్తి చేయండి. సగం దెబ్బ వేసి టాకిల్ వైపు తిరిగినవాడు ఇద్దరి చేతిలోనూ ఓడతాడు. టాకిల్ బరువు తెలియగానే ఆ వైపు తుంటిని కిందికి దించి అతని వైపు నెట్టండి, భుజాలు మాత్రం తిప్పకండి. వెనక్కి పోతున్నారనిపిస్తే బయటి మోకాలిని నేలకి ఆనించి అక్కడే కుప్పగా పడండి. వెనక్కి నడిపించబడటం కన్నా అదే మేలు. మీరు వెనక్కి పోతే లైన్‌బ్యాకర్ దారి కూడా మూసుకుపోతుంది.

నోస్ టాకిల్‌గా మారినవాడికి మొదటి నెల అసంతృప్తిగా ఉంటుంది. గణాంకాల్లో పేరు కనిపించదు. 2021 జార్జియా యూనివర్సిటీ టీమ్‌ని చూడండి. మధ్యలో జోర్డన్ డేవిస్, 340 పౌండ్ల మనిషి, ఇద్దరిద్దరిని తన మీద ఉంచుకున్నాడు. వెనక లైన్‌బ్యాకర్ నకోబీ డీన్‌కి ఆ ఏడాది ఉత్తమ లైన్‌బ్యాకర్‌కి ఇచ్చే బట్కస్ అవార్డు వచ్చింది. డేవిస్‌కి శాక్‌లు (పాస్ విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడాలు) పెద్దగా లేకపోయినా అవుట్‌ల్యాండ్, బెడ్నారిక్ ట్రోఫీలు రెండూ ఇచ్చారు. ఆ టీమ్ జాతీయ ఛాంపియన్. కాబట్టి ఫిల్మ్ చూసేటప్పుడు మీరు ఎంతమందిని పడగొట్టారో లెక్కపెట్టకండి, మీ మీద ఇద్దరు ఎంతసేపు ఉన్నారో చూడండి.

కాళ్ల మీదికి వచ్చే కట్ బ్లాక్‌ల సంగతి. 2022 నుంచి నడుము కింద బ్లాక్ చేయడం టాకిల్ బాక్స్ (సెంటర్‌కి అటూ ఇటూ ఉండే మధ్య ప్రాంతం) లోపల లైన్‌మన్‌లకూ కదలకుండా ఉన్న బ్యాక్‌లకూ మాత్రమే అనుమతి. బయట ఆడేవాళ్లకు ఊరట, లోపల ఆడేవాళ్లకు ఆ బెడద ఉంది. అతని తలా భుజాలూ కిందికి పోతుంటే చేతులతో నేలకి నొక్కి పాదాలు వెనక్కి లాగేయండి.

టాకిల్ మిమ్మల్ని వదిలేసి పోతే

ఎండ్‌గా ఆడుతున్నారు. స్నాప్ పడింది, టాకిల్ మిమ్మల్ని ముట్టుకోకుండా లోపలికి పోయాడు. పండగలా అనిపిస్తుంది. అదే ఉచ్చు. 1990ల్లో గ్లెన్‌విల్ స్టేట్‌లో కోచ్ రిచ్ రోడ్రిగెజ్ రూపుదిద్దిన జోన్ రీడ్ అనే ప్లే సారాంశం ఇదే. ఎండ్‌ని బ్లాక్ చేయకుండా వదిలేసి, అతను రన్నింగ్ బ్యాక్ మీదికి పోతే క్వార్టర్‌బ్యాక్ బంతి తన దగ్గరే ఉంచుకుని అతను ఖాళీ చేసిన చోటు నుంచి పరిగెడతాడు.

టాకిల్ లోపలికి పోగానే మీరూ అతని తుంటిని అంటుకుని లోపలికి బిగించండి, కానీ భుజాలు లైన్‌కి సమాంతరంగా, అడుగులు చిన్నవిగా. వెనక్కి లోతుగా పరిగెత్తకండి. ఆ తర్వాత ఎవరిని పట్టాలన్నది ఆ ప్లేకి మీ డిఫెన్స్‌కి వచ్చిన కాల్ (ముందే చెప్పిన సంకేతం) చెప్తుంది. లైన్‌బ్యాకర్ బయటికి తిరిగి వస్తుంటే మీరు రన్నింగ్ బ్యాక్ మీదికి పోవచ్చు. అతను రాకపోతే క్వార్టర్‌బ్యాక్ మీ బాధ్యత, అప్పుడు అతను నిర్ణయం తీసుకోలేనంతసేపు మధ్యలో ఊగించండి. రెండు కాల్‌లనూ ప్రాక్టీసులో ఒకదాని వెంట ఒకటి, ముందు చెప్పకుండా కలిపి చేయించాలి.

ఆర్‌పీఓలో లైన్ మొత్తం రన్ బ్లాకే చేస్తుంది. కాలేజీ నిబంధన ప్రకారం వాళ్లు మూడు యార్డుల దాకా ముందుకు వెళ్లవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క యార్డే. అందుకని మీరు వాళ్ల కదలిక చూసి పాస్ అని కనిపెట్టలేరు. రన్ అనుకునే ఆడండి. క్వార్టర్‌బ్యాక్ చెయ్యి లేచిందా, మీ చేతులు లేపండి.

పాస్ రష్

ఇది అందరికీ ఇష్టమైన భాగం కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఎదుటివాడిలో సగం మనిషితోనే తలపడండి, అంటే అతని ఒక భుజం మీదే. పూర్తి ఛాతీకి ఎదురుగా వెళ్లే బుల్ రష్‌ని ఎప్పుడో ఒకసారి భయపెట్టడానికి వాడండి. ఒక ప్రధాన మూవ్, అతను దానికి అలవాటుపడ్డాక దానికి విరుగుడు ఒకటి, సీజన్‌కి ఇవి చాలు. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ 2013 జట్టులో ఏరన్ డొనాల్డ్ ఆ ఏడాది అవుట్‌ల్యాండ్, లొంబార్డి, బెడ్నారిక్, నగర్‌స్కీ నాలుగూ గెలిచాడు. లోపల ఆడేవాళ్లలో పొట్టివాడనే పేరున్న మనిషి. అతని ఫిల్మ్‌లో చేతుల వేగం గురించి అందరూ మాట్లాడతారు. మీరు అతని భుజాలు గార్డ్ భుజాల కన్నా ఎంత కింద ఉన్నాయో చూడండి.

క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తగలవాడైతే మూవ్ మార్చకుండా దారి మార్చండి. ఎండ్‌లు అతని లోతుని దాటి వెనక్కి పోకూడదు. లోపలివాళ్లలో ఒకడు బయటికి తిరిగే మూవ్ చేస్తే రెండోవాడు మధ్యలో ఉండాలి. శాక్ దొరక్కపోయినా అతను పాకెట్‌లోనే (తన లైన్ కాపు కాసే చోటులోనే) ఇరుక్కుని బంతి విసిరితే మీ పని అయినట్టే.

వారంలో ఎలా సర్దాలి

కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ సీజన్‌లో వారానికి 20 గంటలే అనుమతిస్తుంది, అందులో మీ పొజిషన్‌కి విడిగా దొరికేది రోజుకి కొద్ది నిమిషాలు. కాబట్టి వారానికి ఒక్క మార్పే. ఆదివారం ఫిల్మ్‌లో తప్పు తేల్చుకోండి. మంగళవారం నెమ్మదిగా, ఎదురులేకుండా. బుధవారం స్కౌట్ టీమ్ (వచ్చే ప్రత్యర్థిలా ఆడే మీ జట్టువాళ్లు) మీద పూర్తి వేగంలో. గురువారం కొత్తది ఏదీ చెప్పకండి. శుక్రవారం రాత్రి ఆటగాడి చెవిలో కొత్త మాట వేసే కోచ్ శనివారం అతని మొదటి అడుగుని తనే నెమ్మది చేస్తాడు. ఆలోచిస్తూ నిలబడ్డ లైన్‌మన్ ఎప్పుడూ ఆలస్యమే.

మ్యాచ్ మధ్యలో మార్చాల్సి వస్తే నిలబడే చోటు ఒక్కటే మార్చండి. అడుగూ చెయ్యీ అప్పటికప్పుడు మారవు. 2024 నుంచి ఎఫ్‌బీఎస్ (కాలేజీ ఫుట్‌బాల్ పై స్థాయి) టీమ్‌లకు సైడ్‌లైన్ మీద ట్యాబ్లెట్‌లో వీడియో చూసే వీలు వచ్చింది, సిరీస్‌కీ సిరీస్‌కీ (అఫెన్స్ వరసగా బంతి ఆడే ఒక్కో విడతకీ) మధ్య అదే మూడు ఫ్రేమ్‌ల పద్ధతిలో చూడవచ్చు. కోచ్ మాట హెల్మెట్‌లో వినిపించే ఏర్పాటు కూడా ఆ ఏడాదే వచ్చింది. కానీ అది మైదానంలో డిఫెన్స్ వైపు ఒక్క ఆటగాడికే, తర్వాతి స్నాప్‌కి గడువు చూపే ప్లే క్లాక్ 15 సెకన్లకు రాగానే అదీ ఆగిపోతుంది. లైన్‌కి కబురు ఇంకా నోటిమాటగా, చేతి సైగగానే చేరాలి. "అరచెయ్యి బయటికి", "వెనక్కి" లాంటి రెండు మూడు మార్పులకు సైగలు ముందే అనుకుని ఉంచండి. అఫెన్స్ హడావిడిగా ఆడుతున్నప్పుడు అంతకుమించి చెప్పే సమయం ఉండదు.

జరిగాక రెండు సిరీస్‌లు చూడండి. గార్డ్ ఇప్పుడు మిమ్మల్ని చుట్టేయలేకపోతూ, బదులుగా లైన్‌బ్యాకర్ మీదికి నేరుగా పోతున్నాడంటే మీరు ఎక్కువ జరిగారు. సగం దూరం వెనక్కి రండి.